శేషము ఎవరి పాలు?

వీరశైవ గృహములలోను, మఠముల దాసోహ పంక్తులలోను తరతరములుగా పాటింపబడుచున్న నియమమొకటి కలదు. ప్రసాదముగా స్వీకరించినదానిని విస్తరిలో విడువరాదు. తినగలిగినంతయే వడ్డించుకొనవలెను, వడ్డించుకొన్నదానిని పూర్తిగా ఆరగింపవలెను. పళ్లెరము కడిగిన నీటినిగూడ త్రాగు నిష్ఠాపరులు కలరు. చూచువారికి ఇది భోజన మర్యాదగా మాత్రమే తోచును. కాని దీని వెనుక ఒక న్యాయము కలదు. అనుభవించినవాడే శేషమునకును బాధ్యుడు. తాను రుచి చూచి, మిగిలినదానిని మరియొకరి ముంగిటికి త్రోయుట భక్తుని లక్షణము కాదు.

అన్నపు శేషము మరునాటికి మట్టిలో కలిసిపోవును. పశువు తినును, చీమ తినును. మట్టిలో పడినను మట్టి కాని శేషమును ఇరువదవ శతాబ్దపు మానవుడు సృష్టించుకొన్నాడు. అణువిద్యుత్తు వెలిగించిన దీపమునకు పొగ లేదు, మసి లేదు. శేషము మాత్రము కలదు. దానిని ఎక్కడ ఉంచవలెను, ఎవరి ఊరి ప్రక్కన ఉంచవలెను, ఎవరి అనుమతితో ఉంచవలెను అనునది శాస్త్రజ్ఞుల ప్రశ్నగా కనిపించును గాని, సగమునకు పైగా అది ధర్మప్రశ్న.

అణువ్యర్థము అనగానే పలువురి ఊహ రియాక్టరు వైపు పోవును. అది సహజమే. రియాక్టరులో వినియోగమై వెలుపలికి వచ్చిన ఇంధనము మహాతీక్ష్ణమైనది. భారతదేశమున దానిని పారవేయరు. రసాయన ప్రక్రియచే అందులోని ఉపయుక్త పదార్థములను వేరుచేసి, మిగిలిన తీక్ష్ణద్రవమును గాజుతో కలిపి గడ్డకట్టించి, ఉక్కు పాత్రలలో భద్రపరచుదురు. ట్రాంబే, తారాపూర్, కల్పాక్కములు ఈ పనికి నెలవులు. ఆ గాజుదిమ్మలను శాశ్వతముగా పాతిపెట్టగల లోతైన నేలమాళిగ ఈ దేశమున ఇంకను నిర్మింపబడలేదు. ఇది చివరి శేషము. తెలుగువారి నేలపై ఉన్నది మొదటి శేషము. రాతినుండి యురేనియమును తీయగా మిగిలిన బురద అది. దానిని గూర్చి మాట్లాడువారు తక్కువ.

కడప అను పేరునకు గడప అనియే పెద్దలు అర్థము చెప్పుదురు. తిరుమల వేంకటేశ్వరుని సన్నిధికి అది గడప యట. ఆ జిల్లాలో పులివెందులకు దాపున తుమ్మలపల్లె అను గ్రామము కలదు. యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా వారు అచట గని త్రవ్వి, శుద్ధి కర్మాగారమును నెలకొల్పిరి. 2006 సెప్టెంబరులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగెను. 2007 నవంబరులో శంకుస్థాపన. 2012లో కర్మాగారము నడక ప్రారంభించెను. దినమునకు 3000 టన్నుల రాతిని పొడిచేయు సామర్థ్యము దానికి కలదు. ఆ రాతిలో యురేనియము పాలు ఎంత? వెయ్యి కిలోల రాతికి అరకిలో అయినను రాదు. మిగిలిన రాయి దాదాపు అంతయు మెత్తని పిండియై, సోడా కలిసిన నీటితో బురదయై, గొట్టముల వెంట కె.కె. కొట్టాల గ్రామ సమీపమునగల పెద్ద మడుగునకు చేరును. దానిని టెయిలింగ్ పాండ్ అందురు. చేపలు లేని, పైరునకు పారని చెరువు అది.

యురేనియమును తీసివేసినంతమాత్రమున ఆ రాతిలోని కిరణశక్తి తీరిపోదు. తొలుత ఉన్న కిరణశక్తిలో నూటికి సుమారు 85 పాళ్లు బురదలోనే నిలిచిపోవును. ఏలయనగా యురేనియముతో కలిసి భూమిలో పుట్టిన దాని సంతతి అంతయు అక్కడనే యుండును. వాటిలో థోరియం-230 అనునది సగము కరుగుటకు సుమారు 75,000 సంవత్సరములు పట్టును. దానినుండి పుట్టు రేడియమునకు 1,600 సంవత్సరములు. రేడియమునుండి పుట్టు రేడాన్ వాయువు నాలుగు దినములలోపే సగమగును గాని, రేడియమున్నంత కాలము అది క్రొత్తగా పుట్టుచునే యుండును. భూమిలో బండగా ఉన్నప్పుడు కదలని ఈ వస్తువులు పిండియైన తరువాత గాలికి లేచుటకు, నీటికి కరుగుటకు సిద్ధముగా ఉండును. అందుచేతనే మడుగు అడుగున నీరింకని పొర వేయవలెను. పైన ధూళి లేవకుండ కాపాడవలెను. కట్ట తెగకుండ చూడవలెను. ఎంతకాలము? అక్కడనే ప్రశ్న మొదలగును.

తుమ్మలపల్లెలో తీసిన పచ్చని పొడి హైదరాబాదునకు వచ్చును. 1971లో మౌలాలి ప్రాంతమున స్థాపించిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ దానిని ఇంధనముగా మలచి రియాక్టర్లకు పంపును. దేశీయ యురేనియముతో నడచు కేంద్రములలో కైగా, కల్పాక్కములు ఉన్నవి. ఆ రెండింటి విద్యుత్తులోను తెలుగు రాష్ట్రములకు వాటా కలదు. కనుక నగరమునకు పొడి, ఇంటికి దీపము, కొట్టాలకు బురద. ఇది నిందగా చెప్పునది కాదు. వస్తువు నడచు త్రోవను చూపుట మాత్రమే.

ఈ బురద చెరువు తుమ్మలపల్లెకు మునుపు మరియొక చోట ఏర్పడవలసినది. ఆ కథ హైదరాబాదు తూర్పు భాగమువారు మరువదగినది కాదు. నల్లగొండ జిల్లాలో నాగార్జునసాగర్ జలాశయపుటంచున లంబాపురము, పెద్దగట్టు అను లంబాడీ తండాల నేల క్రింద యురేనియము ఉన్నదని కనుగొనిరి. గని అచట, శుద్ధి కర్మాగారము, బురద మడుగు మల్లాపురమున అని మొదటి యోచన. 2003 ఆగస్టులో పెద్దగట్టున ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు వ్యతిరేకత బలముగా వెల్లడి యాయెను. అందు ఒక వాదము మిక్కిలి దూరము పోయెను. మల్లాపురమునకు దాపుననే అక్కంపల్లి జలాశయము కలదు. ఆ జలాశయమే హైదరాబాదునకు కృష్ణా నీటి మూలము. అచటినుండి కోదండాపురమున శుద్ధియై, గున్‌గల్ మీదుగా నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, సాహెబ్‌నగర్ చేరి, ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్ కుళాయిలలో దిగు నీరు అదియే. 2004లో మొదటి దశ నీరు నగరమున ప్రవహించెను. నగరపు త్రాగునీటి ప్రక్కన అణువ్యర్థమా అను మాట వినగానే పట్టణపు సభలు, పత్రికలు మేలుకొన్నవి. కర్మాగారమును దేవరకొండ దాపుననున్న శేరిపల్లికి మార్చ యోచించిరి. 2005లో అచటను ప్రజాభిప్రాయ సేకరణ జరిపిరి. అచటను ప్రతిఘటన వచ్చెను. ప్రాజెక్టు నేటికిని మొదలు కాలేదు.

పెద్ద అంబర్‌పేట్ వద్ద బాహ్యవలయ రహదారి విజయవాడ రహదారిని దాటుచున్నది. ఆ చుట్టుప్రక్కల ఇండ్ల స్థలము కొనువాడు ధరకంటె ముందు అడుగు ప్రశ్న, కృష్ణా నీరు వచ్చునా అని. నీటి విలువ తెలిసినవాడే అట్లు అడుగును. అట్టివారు తమ నీటిని కాపాడుకొనుట తప్పా? ఎంతమాత్రము కాదు. బిడ్డ త్రాగు కుండలో విషము పడునేమో అని తల్లి భయపడినచో ఆమెను స్వార్థపరురాలని ఎవరందురు? నల్లగొండ తండాలవారును, నగరవాసులును కలిసి ఆనాడు పలికిన కాదను మాట న్యాయమైనదే.

ధర్మసందేహము ఆ తరువాతి మౌనమును గూర్చినది. నల్లగొండలో వద్దన్న వస్తువు తుమ్మలపల్లెలో మొదలైనప్పుడు అదే నగరము ఏమన్నది? దాదాపు ఏమియు అనలేదు. కె.కె. కొట్టాల బోరుబావి నీరు సాహెబ్‌నగర్ కుళాయికి రాదు గనుక. 2006లో తుమ్మలపల్లె సభయందు ఆక్షేపణలు రాకపోలేదు. అయినను అది ఆనాటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి సొంత నియోజకవర్గము. కరవుసీమలో ఉద్యోగపు మాటకు, నష్టపరిహారపు మాటకు ఉండు బరువు ఒక మడుగు ఆయుర్దాయపు లెక్కకు ఉండదు. 2011లో అణుశక్తి సంఘాధ్యక్షుడు శ్రీకుమార్ బెనర్జీ తుమ్మలపల్లె నిక్షేపము లక్షన్నర టన్నులకు పెరుగవచ్చునని ప్రకటించినప్పుడు దేశమంతయు హర్షించెను. అంత రాతిని త్రవ్వినచో ఎంత బురద వచ్చునని లెక్క కట్టిన పత్రికలు అరుదు.

తరువాత జరిగినది తెలిసినదే. బోరుబావుల నీరు మారినదనియు, అరటి తోటలు ఎండినవనియు, చర్మరోగములు వచ్చుచున్నవనియు కె.కె. కొట్టాల, కనంపల్లె రైతులు మొరపెట్టుకొనిరి. ఆ ప్రాంతపు రాతిలో యురేనియము సహజముగానే యున్నది గనుక నీటిలోను ఉండును, మడుగు కారణము కాదు అని సంస్థవారు బదులు చెప్పిరి. 2019లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి మడుగు అడుగు పొరను గూర్చి, భూగర్భజలమును గూర్చి సంస్థకు సంజాయిషీ నోటీసు ఇచ్చెను. ఎవరి మాట ఎంతవరకు నిజమో తేల్చుటకు శాస్త్రపరీక్షలు కావలెను. కాని ఒక సంగతి ఇచట గమనింపదగియున్నది. త్రాగునీటిలో యురేనియము లీటరునకు 30 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. భారత అణుశక్తి నియంత్రణ మండలి నిర్ణయించిన హద్దు 60. ఒకే బావి ఒక కొలతకు మంచిది, వేరొక కొలతకు చెడ్డది. ఆ రెండు అంకెల నడుమ నిలిచియున్న రైతు కుటుంబము తన కుండ నింపుకొనవలెనా, వద్దా? నగరములో అట్టి సందేహము కలిగియుండినచో జలమండలి ముందు ఎంత జనము గుమికూడెడిదో ఊహించుట కష్టము కాదు.

“ఎక్కడనో ఒకచోట పెట్టవలసినదే కదా” అను సమాధానము వెంటనే వచ్చును. దానిని తేలికగా కొట్టివేయరాదు. దీపము అందరికిని కావలెను. బొగ్గుతో వెలిగించినచో బూడిద మిగులును. రామగుండము చుట్టుప్రక్కలవారికి బూడిద చెరువు అన్నచో ఏమో ఎవరును చెప్పనక్కరలేదు. జలాశయము కట్టినచో ఊళ్లు మునుగును. శ్రీశైలము ముంపునకు తరలిపోయిన గ్రామముల జ్ఞాపకము ఇంకను చల్లారలేదు. శేషము లేని శక్తి లోకమున లేదు. హైదరాబాదు తూర్పువారికి ఇది అనుభవమే. ఆటోనగర్ చెత్తకుప్ప ఉన్నన్నాళ్లు ముక్కు మూసుకొని నడచినవారు, అది మూతపడినప్పుడు ఊపిరి పీల్చుకొన్నారు. నగరపు చెత్త జవహర్‌నగర్‌నకు పోయినది. అచటివారు ముక్కు మూసుకొన్నారు. కనుక ఎక్కడను వద్దు అనుట సమాధానము కాదు. కాని ఎక్కడనో ఒకచోట అను మాటలోని ఆ చోటు ఎప్పుడును బలహీనుని ఊరే ఎందుకగుచున్నది? జార్ఖండ్‌లో జాదుగూడ ఆదివాసుల నేల. నల్లగొండలో లంబాడీ తండాలు. కడపలో వానలెరుగని మెట్ట రైతులు. రాయి ఎక్కడ దొరికిన అక్కడనే గని అగునను మాట నిజమే. ఐనను వద్దను మాట చెల్లునా, చెల్లదా అనునది రాతిని బట్టి కాక మనిషిని బట్టి తేలుచున్నది.

అమెరికా వంటి సంపన్న దేశమునను ఇదే తంతు. 1987లో ఆ దేశపు కాంగ్రెసు ఇతర స్థలముల పరిశీలనను మాన్పించి, నెవాడా రాష్ట్రములోని యుక్కా పర్వతమును ఒక్కదానినే అణువ్యర్థమునకు నిర్దేశించెను. జనసంఖ్య తక్కువ, కాంగ్రెసులో బలము తక్కువ. నెవాడావారు రెండు దశాబ్దములకు పైగా పోరాడిరి. ఆ పర్వతము నేటికిని ఖాళీగానే యున్నది. తెలుగు నేలకు ఇరుగైన కోలారున జరిగినది ఇంకను చిత్రము. 2001లో మూతపడిన ఆ బంగారు గనులు మూడు కిలోమీటర్లకు పైగా లోతైనవి. తెలుగు, తమిళ, కన్నడ కార్మిక కుటుంబములు పనిపోయి అచటనే మిగిలియున్నవి. 2012 నవంబరులో కూడంకుళం వ్యాజ్యమున, వ్యర్థమును కోలారు గనులలో నిక్షేపించు మాట సుప్రీంకోర్టు ముందు వచ్చెను. ఆ మాట కోలారువారికి పత్రికల ద్వారా తెలిసెను! ఊరంతయు వీధిలోనికి వచ్చెను. కొలది దినములలో ప్రభుత్వము అట్టి యోచన లేదని చెప్పెను. అడుగక ముందు నిర్ణయము, అరచిన తరువాత ఉపసంహరణ. ఇది పరిపాలనకు శోభనిచ్చు పద్ధతి కాదు.

ఫిన్లాండువారు వేరు త్రోవ పట్టిరి. అచటి చట్టము ప్రకారము ఏ ఊరి నేలలో వ్యర్థమును పాతిపెట్టవలెనో ఆ ఊరి పురపాలక సభకు కాదనుటకు హక్కు కలదు; ఆ సభ కాదన్నచో దానిని దాటుటకు ఎవరికిని అధికారము లేదు. యూరాజోకి అను ఊరు 2000లో సమ్మతించెను. 2001లో పార్లమెంటు ఆమోదించెను. తరువాతనే బండలో సొరంగము త్రవ్విరి. స్వీడనులోను పురపాలక సభకు కాదనుటకు హక్కు కలదు. ఓస్థమ్మర్ పురపాలక సభ 2020లో ఔనన్న తరువాతనే 2022లో ప్రభుత్వము అనుమతించెను. ఆ ఊళ్లవారు రియాక్టర్ల ప్రక్కన నివసించువారు, వాటివలన ఆదాయము పొందువారు అను ఆక్షేపణ కలదు. ఉండవచ్చును. కాదనగల శక్తి యున్నవాడు పలికిన ఔను మాత్రమే ఔనగునను సంగతి దానివలన చెడదు. అనుభవమంటపమున పెద్దపీటవారి మాటకును, చెప్పులు కుట్టువాని మాటకును ఒకే ఆసనము దొరికినదని చదువుకొన్న సమాజమునకు ఈ సంగతి క్రొత్తది కాదు.

పుట్టనివారిని ఎవరు అడుగగలరు? ఇది మరింత గడ్డు ప్రశ్న. కడప జిల్లాలోనే, ఎర్రగుంట్ల ప్రాంతపు కలమళ్లలో, రేనాటి చోళుల నాటి శాసనము కలదు. క్రీ.శ. 575 ప్రాంతమునకు చెందిన అది లభించిన తెలుగు శాసనములలో మొదటిదని పండితులు చెప్పుదురు. దానిని నేడు నడివీధిలో నిలిపినచో ఎంతమంది తెలుగువారు చదువగలరు? వ్రాసినది తెలుగువాడే, భాష తెలుగే. పదునాలుగు వందల యేండ్లకే తెలుగు అక్షరము తెలుగువానికి అపరిచితమాయెను. అదే జిల్లాలో ఇప్పుడు 75,000 ఏండ్ల అర్ధాయువుగల పదార్థము కట్టల నడుమ నిలువయై యున్నది. దాని చుట్టు ఇచ్చట త్రవ్వరాదు అను పలక ఏ లిపిలో వ్రాయవలెను? అమెరికా శాస్త్రజ్ఞులు తమ వ్యర్థ నిలయముపై పదివేల యేండ్ల తరువాతి మానవునికి అర్థమగు గుర్తు ఏదని పండితులను కూర్చుండబెట్టి చర్చించిరి. హాస్యముగా తోచును గాని, అడుగవలసిన ప్రశ్నయే.

పూర్వపు రాజులు దానశాసనములలో ఆచంద్రార్కమని వ్రాయించిరి. సూర్యచంద్రులున్నంత కాలము ఈ భూమి మఠమునకు, ఈ చెరువు ఊరికి చెందునని. ఆ దానమును ఎవరు కాపాడవలెనో చెప్పిరి. చెడగొట్టినవానికి ఏ పాపము తగులునో చెప్పిరి. రాజ్యములు పోయినవి, అయినను కొన్ని దానములు నిలిచినవి. నిలుచుటకు కారణము రాయి కాదు, అప్పగింత. ఒక పీఠాధిపతి తరువాత మరియొకరు, ఒక ధర్మకర్త తరువాత మరియొకరు లెక్క అప్పగించుకొనుచు వచ్చిరి. అణువ్యర్థపు మడుగు కూడ ఆచంద్రార్కమే. దానమునకు బదులు భారము. గని బ్రతుకు కొన్ని దశాబ్దములు. యురేనియం కార్పొరేషన్ పుట్టినది 1967లో. గని మూతపడి, ఉద్యోగులు వెడలి, కార్యాలయమునకు తాళము పడిన తరువాత ఆ కట్ట మీద ఎవరు నడతురు? ఏ పద్దులోనుండి మట్టి పోయింతురు? ఆ పేరు, ఆ పద్దు మొదటినాటి పత్రములోనే వ్రాయింపని ప్రభుత్వము శేషమును విస్తరిలో విడిచి లేచినట్లే. గనిలో చెమటోడ్చు కార్మికుని పని కాయకమే, పూజ్యమే. దానిని చేయించిన సంస్థకు మాత్రము మడుగు భద్రపడువరకు కాయకము ముగియదు.

దీపము వెలిగించుకొన్నవారికిని ఋణము కలదు. అది రూపాయలతో తీరునది కొంత. కె.కె. కొట్టాల చుట్టుప్రక్కల గ్రామములకు దూరపు మంచినీటిని గొట్టముల ద్వారా తెచ్చి ఇచ్చుట గొప్ప విద్య కాదు. హైదరాబాదునకు నూరు కిలోమీటర్ల పైనుండి తెచ్చినవారే కదా! బావినీటి పరీక్షల ఫలితములను నెలనెల తెలుగులో వ్రాసి పంచాయతీ గోడకు అంటించుట, ఆ పరీక్షలను సంస్థతో సంబంధము లేనివారిచే చేయించుట, వీటికి కావలసినది ధనముకంటె మనస్సు ఎక్కువ. రూపాయలతో తీరనిది మరియొకటి కలదు. తమ నీటికి భయము కలిగినప్పుడు వేసిన కేకను, ఇతరుల నీటికి భయము కలిగినప్పుడును వేయుట.

అట్టి సందర్భము 2019లో ఒకసారి వచ్చెను. నల్లమలలోని అమ్రాబాదు పులుల అడవిలో యురేనియము అన్వేషణకు యత్నము జరుగగా, చెంచులతో పాటు నగరపు విద్యార్థులు, రచయితలు, సినిమా నటులు గొంతు కలిపిరి. సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వ్యతిరేక తీర్మానము చేసెను. మంచిదే. కాని ఆ సంవత్సరముననే కె.కె. కొట్టాల రైతులు ఎండిన అరటి గెలలను పట్టుకొని తిరుగుచుండిరి. వారికై శాసనసభలో తీర్మానము రాలేదు. అడవికి దక్కిన జాలి మెట్ట పొలమునకు దక్కలేదు. పులి అందమైనది, బురద మడుగు ప్రక్కన నిలిచిన రైతు ఛాయాచిత్రమునకు అంత అందము లేదు కాబోలు.

లంబాపురపు రాయి ఇంకను భూమిలోనే యున్నది. దేశమున అణువిద్యుత్తును విస్తరింపవలెనను సంకల్పము బలపడుచున్న కొలది ఆ రాతిని గూర్చి మరల ఎవరైనను అడుగక మానరు. ఆనాడు అక్కంపల్లి నీటి మాట నగరమున తప్పక లేచును. అదే సభలో ఎవరైనను లేచి, కె.కె. కొట్టాల బావుల నీరు ఈ పదిహేనేండ్లలో ఏమైనదో ముందు చెప్పి, తరువాత లంబాపురపు మాట ఎత్తుడని అడుగుదురా?